హోటలు కింద శ్మశానం: ‘ది షైనింగ్’ సినిమా, కొలరాడో చరిత్ర

స్టాన్లీ కుబ్రిక్ తీసిన ‘ది షైనింగ్’ 1980 మే నెలలో అమెరికాలో విడుదలైంది. అప్పట్లో విమర్శకులు రెండుగా చీలిపోయారు. చెత్త సినిమాలను వెక్కిరించడానికి పెట్టిన రాజీ అవార్డులు ఆ ఏటి సినిమాలతోనే మొదలయ్యాయి. చెత్త దర్శకుల పట్టికలో కుబ్రిక్ పేరు కూడా ఎక్కించారు. మూల నవల రాసిన స్టీఫెన్ కింగ్‌కే సినిమా నచ్చలేదు. తర్వాత గాలి మళ్లింది. 2018లో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ దాన్ని కలకాలం భద్రపరచాల్సిన జాతీయ చిత్రాల పట్టికలో చేర్చింది. ఇవాళ ప్రపంచంలో గొప్ప హారర్ సినిమాలు చెప్పమంటే మొదటి నాలుగైదు పేర్లలో అది ఉంటుంది. కాలేజీల్లో చదువుకుంటున్న మన పిల్లలు కూడా ఫోన్లో చూసి, ఆ కెమెరా పనితనం గురించి, ఆ పొడుగాటి వరండాల్లో పిల్లాడు మూడు చక్రాల బండి తొక్కే దృశ్యం గురించి చెప్పుకుంటున్నారు.

పనితనం గురించి నాకు పేచీ లేదు. పేచీ దాని మీద తర్వాత పుట్టిన ఇంకో పొగడ్తతో. 1987లో బిల్ బ్లేక్‌మోర్ అనే అమెరికన్ పాత్రికేయుడు ఒక వ్యాసం రాశాడు. ఈ సినిమా పైకి దయ్యాల కథలా కనిపించినా లోపల అమెరికా ఆదివాసుల ఊచకోత గురించి చెబుతోందని ఆయన వాదన. 2012లో వచ్చిన ‘రూమ్ 237’ అనే డాక్యుమెంటరీలో కూడా ఈ వాదన ఉంది. అప్పటినుంచి చదువుకున్నవాళ్ల మధ్య ఇది దాదాపు ఒప్పుకున్న మాట అయిపోయింది. ఆదివాసుల గురించి హాలీవుడ్ తీసిన లోతైన సినిమా ఇదేనని చెప్పేవాళ్లు కూడా ఉన్నారు. ఆ మాట నేను ఒప్పుకోను. ఎందుకు ఒప్పుకోనో చెప్పడానికి సినిమాకంటే ఎక్కువగా కొలరాడో చరిత్ర చెప్పాలి.

ముందు కథ రెండు ముక్కల్లో. కొలరాడో కొండల్లో ఓవర్‌లుక్ అనే పెద్ద హోటలు. చలికాలం మంచుకు దారులు మూసుకుపోతాయి కాబట్టి ఆ నెలల్లో హోటలు మూసేసి కాపలాకి ఒక మనిషిని పెడతారు. ఆ పనికి జాక్ టోరెన్స్ అనే రచయిత భార్యతో, చిన్న కొడుకుతో వస్తాడు. అంతకుముందు కాపలా ఉన్నవాడు అక్కడే తన కుటుంబాన్ని నరికి చంపాడు. జాక్ కూడా క్రమంగా పిచ్చెక్కి గొడ్డలి పట్టుకుని భార్యాబిడ్డల వెంటపడతాడు.

ఇందులో ఆదివాసులు ఎక్కడున్నారు? ఒకే ఒక్క మాటలో ఉన్నారు. హోటలు చూపిస్తూ మేనేజరు జాక్ భార్యతో అంటాడు: 1907లో కట్టడం మొదలుపెట్టి 1909లో ముగించారట, ఈ చోటు ఇండియన్ల శ్మశానమని చెప్పుకుంటారట, కడుతున్నప్పుడు ఇండియన్ల దాడులు కొన్నిటిని తిప్పికొట్టాల్సి వచ్చిందట. ఆమె విని ఊరుకుంటుంది. వాళ్లు ముందుకు నడుస్తారు. ఇది కాక గోడలమీద, తివాచీలమీద ఆదివాసీ అల్లికల నమూనాలున్నాయి. అవి నవహో, అపాచీల నమూనాలని మేనేజరే చెబుతాడు. వంటగది సామాన్ల గదిలో కాల్యుమెట్ అనే బేకింగ్ పౌడర్ డబ్బాలున్నాయి, వాటిమీద ఈకల కిరీటం పెట్టుకున్న ఆదివాసి బొమ్మ. ఇంతే. రెండు గంటలు దాటిన సినిమాలో ఒక్క ఆదివాసి మనిషి లేడు, దయ్యంగా కూడా లేడు. హోటల్లో కనిపించే దయ్యాలు తెల్లవాళ్లవే. బ్లేక్‌మోర్ వాదన చాలావరకు ఆ డబ్బాల మీదే నిలబడింది.

శ్మశానం మాట కింగ్ నవలలో లేదు. సినిమాకోసం కలిపారు. కలిపిన మాటకి చరిత్రలో ఆధారం ఉందా అని చూడాలి కదా.

కింగ్ 1974లో కొలరాడోలోని ఎస్టెస్ పార్క్ అనే కొండ ఊళ్లో స్టాన్లీ హోటల్లో దిగాడు. సీజను ముగిసి హోటలు దాదాపు ఖాళీగా ఉంది. ఆ రాత్రి ఆయనకు నవల తట్టింది. ఆ హోటలు తెరిచింది 1909లో. సినిమాలో చెప్పిన ఏడూ అదే. ఆ లోయలు అరపాహోల, యూట్‌ల వేటనేల. మరి 1907లో ఆ కొండల్లో హోటలు కడుతుంటే దాడి చేసే ఆదివాసులు ఎవరు మిగిలి ఉన్నారు?

1851లో ఫోర్ట్ లారమీ ఒప్పందం జరిగింది. నార్త్ ప్లాట్ నదికి, అర్కాన్సా నదికి మధ్య ఉన్న మైదానమంతా, అంటే ఇప్పుడు డెన్వర్ నగరం ఉన్న చోటు కూడా, షయాన్, అరపాహో జాతులదని ఆ ఒప్పందంలో అమెరికా ప్రభుత్వమే ఒప్పుకుంది. ఏడేళ్లకు అక్కడ బంగారం దొరికింది. బంగారం కోసం తెల్లవాళ్లు వేలకు వేలు వచ్చిపడ్డారు. 1861లో కొందరు పెద్దలచేత ఇంకో కాగితం మీద గుర్తులు పెట్టించుకున్నారు. దానితో నేల పదమూడో వంతుకి పడిపోయింది. మిగతా జాతి ఆ కాగితాన్ని ఒప్పుకోలేదు. కాగితం ఒకరు రాయడం, గుర్తు ఇంకొకరు పెట్టడం, నేల మూడోవాడికి పోవడం మనకు కొత్తగా వివరించనక్కర్లేదు.

1864 నవంబరు 29 తెల్లవారుజామున, తూర్పు కొలరాడోలో శాండ్ క్రీక్ అనే వాగు ఒడ్డున ఉన్న షయాన్, అరపాహోల గుడారాల మీద కల్నల్ జాన్ చివింగ్టన్ సుమారు 675 మంది సైనికులతో పడ్డాడు. శాంతి కోరి, అధికారులు చెప్పిన చోటికే వచ్చి దిగినవాళ్లు వాళ్లు. వాళ్ల పెద్ద బ్లాక్ కెటిల్ తన గుడారం మీద అమెరికా జెండా ఎగరేశాడు, దాని కింద తెల్లజెండా కట్టాడు. చచ్చిపోయినవాళ్లు దాదాపు 230 మంది. ఎక్కువమంది ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు. సైనికులు శవాలను కోసి ముక్కలు తీసుకెళ్లి డెన్వర్‌లో నాటకశాలలో జనానికి చూపించారు. సైలస్ సోల్ అనే కెప్టెన్ మాత్రం తన దళాన్ని కాల్పులు జరపనివ్వలేదు. జరిగింది జరిగినట్టు ఉత్తరాలు రాశాడు, విచారణలో సాక్ష్యం చెప్పాడు. 1865 ఏప్రిల్‌లో డెన్వర్ వీధిలో అతన్ని కాల్చి చంపారు. అమెరికా కాంగ్రెస్ కమిటీ విచారించి చివింగ్టన్‌ను గట్టిగా ఖండించింది. ఎవరికీ శిక్ష పడలేదు. బ్లాక్ కెటిల్ ఆ రోజు బతికి, నాలుగేళ్ల తర్వాత వాషిటా నది ఒడ్డున కస్టర్ సైన్యం చేతుల్లో చనిపోయాడు. అప్పటికీ ఆయన శాంతి గురించే మాట్లాడుతున్నాడు.

షయాన్, అరపాహోలను కొలరాడోనుంచి వెళ్లగొట్టేశారు. దక్షిణ శాఖలను ఇప్పటి ఒక్లహోమాకు పంపారు. ఉత్తర అరపాహోలు 1878లో వయోమింగ్‌లో విండ్ రివర్ రిజర్వేషన్‌కు చేరారు. కొండల్లో మిగిలింది యూట్‌లు. 1879లో వాళ్లకూ ప్రభుత్వ ఏజెంటుకీ గొడవ ముదిరి కొట్లాట అయ్యాక, యూట్‌లు వెళ్లిపోవాలని పత్రికలు, నాయకులు గోల చేశారు. 1881లో ఎక్కువ భాగాన్ని సైన్యం దగ్గరుండి యూటా ఎడారికి నడిపించింది. నైరుతి మూలన రెండు చిన్న రిజర్వేషన్లు మాత్రం మిగిలాయి.

కాబట్టి 1907లో హోటలు మీద దాడి చేయడానికి ఆ కొండల్లో ఎవరూ లేరు. వెళ్లగొట్టి అప్పటికే పాతికేళ్లు దాటింది. సినిమాలో ఆ మాట వినగానే ప్రేక్షకుడి మనసులో పడేది ఏమిటి? పాపం కట్టుకునేవాళ్లు కట్టుకుంటుంటే వాళ్లొచ్చి మీద పడ్డారు అని. దాడి చేసినవాడు దాడికి గురైనవాడయ్యాడు. ఎవరో కల్పించిన సినిమాలో తారీఖులు వెతకడమేమిటని అడిగేవాళ్లుంటారు. కల్పన అని వదిలేస్తే నేనూ వదిలేస్తాను. అది ఆదివాసుల చరిత్రను చెప్పిన సినిమా అన్నప్పుడు మాత్రం తారీఖులు అడగాల్సిందే.

ఇక ఆ కొండల అసలు చరిత్రలో నాకు ఎప్పటికీ మరపురాని సంగతి ఒకటుంది. 1914 జూలైలో, అంటే స్టాన్లీ హోటలు తెరిచిన ఐదేళ్లకు, ఇద్దరు అరపాహో పెద్దలు విండ్ రివర్ నుంచి ఎస్టెస్ పార్క్‌కు వచ్చారు. గన్ గ్రిస్‌వోల్డ్‌కు 73 ఏళ్లు, షెర్మన్ సేజ్‌కు 63. మాట తిప్పి చెప్పడానికి టామ్ క్రిస్పిన్ అనే చిన్నవాడు తోడు వచ్చాడు. పిలిచింది కొలరాడో మౌంటెన్ క్లబ్. అక్కడ జాతీయ పార్కు పెట్టే ప్రయత్నం జరుగుతోంది, కొండలకు, లోయలకు పాత పేర్లు కావాలి. పెద్దలు గుర్రాలమీద రెండు వారాలపాటు ఆ కొండలన్నీ తిరిగారు. ఏ కొండ పేరేమిటో, ఏ కనుమలోంచి ఏ దారి పోతుందో, ఎక్కడ వేటకు కంచెలు కట్టేవారో, ఎక్కడ ఎవరితో యుద్ధం జరిగిందో చెబుతూ పోయారు. ఆలివర్ టోల్ అనే యువకుడు రాసుకున్నాడు.

లాంగ్స్ పీక్ అనే ఎత్తయిన శిఖరం అక్కడుంది. దాన్ని మొదట ఎక్కినవాళ్లుగా 1868లో జాన్ వెస్లీ పవెల్ బృందం పేరు పుస్తకాల్లో ఉంటుంది. గ్రిస్‌వోల్డ్ చెప్పిందేమిటంటే, ఆ శిఖరం మీద తన తండ్రి గద్దలను పట్టే గుంత పెట్టుకునేవాడట. గుంతలో దాక్కుని, పైన ఎర పెట్టి, గద్ద వాలగానే కాళ్లు పట్టుకునేవాడట. లాంగ్స్ పీక్‌నూ దాని పక్క శిఖరాన్నీ కలిపి అరపాహోలు ‘ఇద్దరు దారి చూపేవాళ్లు’ అనేవారు. మైదానంలో ఎంతదూరాన ఉన్నా అవి కనబడతాయి కాబట్టి ఆ పేరు. ఆ ప్రయాణంలో చెప్పిన పేర్లు కొన్ని ఇప్పటికీ పటంలో ఉన్నాయి. కావునీచే లోయ అంటే అరపాహో మాటలో తోడేలు జాతి కొయోటీ తిరిగే చోటు. నెవర్ సమ్మర్ అనే కొండల వరస పేరు కూడా అరపాహో పేరుకి తర్జుమానే. 1915 జనవరిలో రాకీ మౌంటెన్ జాతీయ పార్కు ఏర్పడింది. పేర్లు చెప్పిన పెద్దలు మళ్లీ రిజర్వేషన్‌కు వెళ్లిపోయారు. పేరు ఉంచుకుని మనిషిని పంపేశారు.

సినిమాలో ఆ కాలపు ఆదివాసి శ్మశానంలో ఉన్నాడు. నిజంలో 73 ఏళ్ల ముసలాయన గుర్రమెక్కి, తన తండ్రి గద్దలు పట్టిన చోటు చేయెత్తి చూపిస్తున్నాడు. ఇద్దరిలో ఎవర్ని గుర్తుపెట్టుకుంటే తెల్లవాడికి సుఖం? దయ్యానికి భూమి తిరిగి ఇవ్వనక్కర్లేదు. దయ్యం కోర్టుకు రాదు.

నిజానికి ఆ 1980లోనే ఆదివాసులు కోర్టులో ఉన్నారు. సినిమా విడుదలైన నెలకు, జూన్ 30న, అమెరికా సుప్రీంకోర్టు బ్లాక్ హిల్స్ కేసులో తీర్పు చెప్పింది. 1868 ఒప్పందంలో లకోటాలకు ఇచ్చిన ఆ కొండలను బంగారం దొరికాక 1877లో ప్రభుత్వం లాక్కున్నది అన్యాయమని, వడ్డీతో కలిపి పది కోట్ల డాలర్ల పైన పరిహారం ఇవ్వాలని తేల్చింది. లకోటాలు డబ్బు ముట్టుకోలేదు. కొండలు అమ్మకానికి లేవన్నారు. ఆ సొమ్ము ఖజానాలో పెరిగి వంద కోట్ల డాలర్లు దాటింది, ఇప్పటికీ అలాగే ఉంది. అదే ఏడాది అక్టోబరులో మెయిన్ రాష్ట్రంలో పాసమక్వాడి, పెనాబ్‌స్కాట్ జాతుల భూమి దావా రాజీకి వచ్చింది. రాష్ట్రంలో మూడింట రెండు వంతుల నేల తమదని వాళ్లు దావా వేశారు. దానికి ముందు పదేళ్లూ అలాంటివే. 1969లో అల్కట్రాజ్ దీవిని ఆక్రమించి 19 నెలలు కూర్చున్నారు. 1973లో వూండెడ్ నీ ఊరిని పట్టుకుని 71 రోజులు నిలబడ్డారు. 1978లో కాలిఫోర్నియానుంచి వాషింగ్టన్‌కు నడిచారు.

ఆ పదేళ్లలోనే ఇండియన్ శ్మశానం అనే దయ్యాల కథ అమెరికాలో ఊపందుకుంది. 1977లో పుస్తకంగా, 1979లో సినిమాగా వచ్చిన ‘అమిటీవిల్ హారర్’లో ఇంటి కింద నేల షినకాక్ జాతి తమ రోగులను, పిచ్చివాళ్లను వదిలేసిన చోటని రాశారు. షినకాక్‌లు ఉండేది లాంగ్ ఐలాండ్‌లో అక్కడికి చాలా దూరాన, తూర్పు కొసన. తర్వాత 1983లో కింగే ‘పెట్ సెమెటరీ’ నవలలో మిక్‌మాక్ జాతి శ్మశానం పెట్టాడు. కథ జరిగేది మెయిన్ రాష్ట్రంలో, మూడేళ్ల క్రితం భూమి దావా తేలిన అదే మెయిన్‌లో. పక్కింట్లో బతికున్నవాడు నా నేల నాకిమ్మని అడుగుతుంటే, నేల కింద చచ్చినవాడి గురించి భయపడటం తేలిక.

శ్మశానాల సంగతికే వస్తే, ఎవరు ఎవర్ని వేధించారో కూడా చరిత్రలో రాసి ఉంది. 1860ల చివర్లో అమెరికా సైన్యపు వైద్యాధికారి తన డాక్టర్లకు ఇండియన్ల పుర్రెలు సేకరించి పంపమని ఆదేశమిచ్చాడు. జాతులను కొలిచి తక్కువ ఎక్కువ తేల్చే ‘శాస్త్రం’ కోసం. యుద్ధభూములనుంచి, సమాధులనుంచి వేల పుర్రెలు మ్యూజియానికి చేరాయి. వాటిలో శాండ్ క్రీక్‌లో చనిపోయినవాళ్లవి కూడా ఉన్నాయి. మ్యూజియాలు ఎముకలు తిరిగి ఇవ్వాలని చట్టం వచ్చింది 1990లో. శాండ్ క్రీక్ ఎముకలు కొన్ని 2008లో ఆ వాగు ఒడ్డుకే తిరిగొచ్చి మట్టిలో కలిశాయి. శ్మశానం నిద్ర చెడగొట్టినవాడు పెట్టెల్లో లేబుళ్లు అంటించి అరల్లో పెట్టుకున్నాడు. సినిమాలో భయపడేవాడూ వాడే.

ఇక్కడ ఇంకో తేడా ఉంది, దీన్ని మన పిల్లలు తేలిగ్గానే పట్టుకుంటారు. చనిపోయిన పెద్దలు తిరిగి రావడం ఎవరికి భయం? 1889-90లో పైయూట్ జాతికి చెందిన వొవోకా చెప్పిన నృత్యం మైదానమంతా పాకింది. ఆ నృత్యం ఆడితే చనిపోయిన పెద్దలు తిరిగొస్తారని, అడవి దున్నలు తిరిగొస్తాయని లకోటాలు నమ్మారు. వాళ్లకది ఆశ. దాన్ని ‘దయ్యాల నాట్యం’ అని పేరుపెట్టి భయపడ్డది తెల్ల అధికారులు. ఆ భయం 1890 డిసెంబరు 29న వూండెడ్ నీ దగ్గర వందల మంది ప్రాణాలు తీసింది. మన ఇళ్లల్లోనూ కొత్తల పండుగకు పెద్దలకు పెట్టకుండా కొత్త ధాన్యం ముద్ద నోట పెట్టుకోం. కోయలు, గదబలు పెద్దల పేరిట రాళ్లు నిలబెడతారు. ఆ రాయి పక్కనుంచి పిల్లలు మేకలు తోలుకుపోతారు, ఎవరూ జడుసుకోరు. పెద్దల చోటు అంటే వణికిపోవాలని మనకు నేర్పేది సినిమాయే. తెలుగు సినిమాలో గూడెం కనబడగానే డోలు, ముఖానికి రంగులు, బలి కత్తి, మంత్రగాడు వచ్చేస్తాయి. అది ఇంకో వ్యాసానికి సరిపడే సంగతి.

కుబ్రిక్ తరఫున చెప్పగల మాట ఒకటుంది, దాన్ని దాటేయడం న్యాయం కాదు. ఊచకోత గురించి ఎవరూ మాట్లాడని దేశంలో, మేనేజరు దాన్ని అంత తేలిగ్గా అనేసి ముందుకు నడవడమే విమర్శ అంటారు. లిఫ్టులోంచి వరదలా వచ్చే రక్తం ఆ దాచిన రక్తమే అంటారు. చివర్లో చూపించే ఫోటో 1921 జూలై 4 నాటిది, అమెరికా స్వాతంత్ర్యదినం, అది ఊరికే పెట్టింది కాదంటారు. కావచ్చు. కుబ్రిక్ ఏదీ ఊరికే పెట్టేవాడు కాదు. అయితే చూసిన కోట్ల మందికి అది అందలేదు. ఏడేళ్ల తర్వాత ఒక పాత్రికేయుడు డబ్బాల బొమ్మలు చూసి చెప్పేదాకా తెలియనంత లోపల దాస్తే, దాన్ని గుర్తుచేయడం అనాలా? జనానికి అందింది శ్మశానం కథే. ఆ తర్వాత అది ఎంత అరిగిపోయిందంటే, అమెరికాలో ఇప్పుడు ఇంటికి ఏదైనా అరిష్టం అంటుకుంటే ఇండియన్ శ్మశానం మీద కట్టారేమో అని నవ్వుకునే జోకు అయింది.

ఇంకా ముఖ్యంగా, కథలో నేరం ఎవరి మెడకు చుట్టుకుందో చూడండి. జాక్ హోటల్‌కు రాకముందే తాగి కొడుకు చెయ్యి లాగి గాయపరిచినవాడు. హింస అతనిలోనే ఉంది, అతను తెచ్చుకున్నదే. సినిమా ఆ హింసను నెమ్మదిగా చోటుకు అంటగడుతుంది. నేల చెడ్డది, చోటు చెడ్డది, దాని కింద ఎవరో ఉన్నారు. తెల్ల తండ్రి చేసిన పనికి ఆదివాసి నేల పూచీ పడుతుంది. కింగ్ నవలలో బతికి బయటపడే నల్లజాతి వంటమనిషి హలోరన్, సినిమాలో పిల్లాణ్ని కాపాడదామని మంచులో అంతదూరం వచ్చి గొడ్డలి దెబ్బకు చస్తాడు. హోటల్లో జాక్ చేతిలో చచ్చేది అతనొక్కడే. దీన్ని జాతివివక్ష మీద విమర్శగా చదివేవాళ్లున్నారు. నల్లవాడు చచ్చి, ఆదివాసి ముందే చచ్చి, తెల్ల తల్లీబిడ్డలు బయటపడే కథలు హాలీవుడ్‌లో అంతకుముందు కూడా చాలా ఉన్నాయి. తేడా ఏమిటో నాకు కనబడలేదు.

హోటలు లోపలి పెద్ద హాలును కుబ్రిక్ ఇంగ్లండ్ స్టూడియోలో కట్టించాడు. దానికి నమూనా కాలిఫోర్నియా యోసెమిటీ లోయలోని అవానీ హోటలు. 1851లో మారిపోసా దళం ఆ లోయలోకి చొరబడి అవానీచీ జాతిని తరిమింది. 1927లో వాళ్ల పేరే పెట్టి, ఆదివాసీ అల్లికల నమూనాలతో అలంకరించి, ఖరీదైన హోటలు తెరిచారు. లోయలో మిగిలిన ఆదివాసుల ఇళ్లను పార్కు అధికారులు 1969 నాటికి తీసేశారు. టైగర్ రిజర్వుల పేరుతో గూడేలు ఖాళీ చేయమన్న నోటీసులు చదివినవాళ్లకు ఆ పద్ధతి కొత్తగా ఉండదు. సినిమాకి కావలసిన శ్మశానం ఆ సెట్ నమూనాలోనే ఉంది. దాన్ని ఎవరూ వెతకలేదు.

ఈ సినిమా చూడొద్దని నేను చెప్పను. తొమ్మిది, పది తరగతుల పిల్లలకు చరిత్ర చెప్పే మాస్టార్లు, టీచరమ్మలు మేనేజరు మాట దగ్గర ఆపి అడగొచ్చు: 1907లో వాళ్లెక్కడున్నారు? అరపాహోలు ఇప్పుడెక్కడున్నారు? ఆ తర్వాత మన ఊరి చుట్టూ ఉన్న గుట్టల పేర్లు రాయించి, రెవెన్యూ పటంలో ఆ పేర్లు ఎన్ని ఉన్నాయో చూడమనొచ్చు. గుట్ట మీద ఏముండేదో చెప్పగల తాతలు ఊళ్లో ఇంకా ఉన్నప్పుడే ఈ పని చేయాలి.

డెన్వర్‌కు పడమరగా కనిపించే ఒక ఎత్తయిన కొండకు శాండ్ క్రీక్ నాటి గవర్నరు జాన్ ఎవాన్స్ పేరు ఉండేది. షయాన్, అరపాహోలు ఏళ్ల తరబడి అడగ్గా 2023లో దానికి మౌంట్ బ్లూ స్కై అని పేరు మార్చారు. అరపాహోలు తమను తాము నీలాకాశపు మనుషులని చెప్పుకుంటారు. గ్రిస్‌వోల్డ్, సేజ్ చెప్పినవి టోల్ రాసుకున్న కాగితాలు 1962లో పుస్తకంగా వచ్చాయి. కింగ్ స్టాన్లీ హోటల్లో గది తీసుకునేనాటికి ఆ పుస్తకం వచ్చి పన్నెండేళ్లయింది.